ఒక్క స్మార్ట్ కీతో నెట్టుకొస్తున్నారా? రాయగడ వైపు ఉండేవాళ్ళు రెండోది ఎలా చేయించుకోవాలి

పుష్ స్టార్ట్ కారు ఉండి కీ మాత్రం ఒక్కటే ఉన్నవాళ్ళు ఆంధ్రా బోర్డర్‌కి ఇవతల ఒడిశాలో ఉన్న మా రాయగడలో, గుణుపురంలో, పర్లాకిమిడిలో, జయపురంలో చాలామందే కనపడతారు. ఎక్కువగా విశాఖలోనో విజయనగరంలోనో సెకండ్‌హ్యాండ్‌లో కొనుక్కొచ్చినవాళ్ళు. అమ్మినాయన "రెండోది ఇంట్లో ఎక్కడో ఉందండీ, దొరకగానే బస్సుకి వేసి పంపిస్తాను" అంటాడు. ఆ బస్సు రాదు. మనమూ రెండుసార్లు ఫోన్ చేసి ఊరుకుంటాం, ఎందుకంటే ఉన్న కీ పనిచేస్తోంది కదా.

రెండో కీ చేయించుకోవాల్సింది సరిగ్గా ఆ ఉన్న కీ పనిచేస్తున్నప్పుడే. ఒక కీ చేతిలో ఉంటే కారు మనమే నడుపుకుంటూ పార్వతీపురమో విజయనగరమో వెళ్ళి, పని చూసుకుని, సాయంత్రానికి వచ్చెయ్యొచ్చు. అన్ని కీలూ పోయాక అయితే కారు కదలదు, దాన్ని ఫ్లాట్‌బెడ్ (కార్లు మోసుకెళ్ళే లారీ) మీద ఎక్కించాలి, లేదా కీ ప్రోగ్రామ్ చేసే మిషన్ ఉన్న మనిషిని బోర్డర్ దాటించి ఇక్కడికి రప్పించాలి. పనీ కష్టమే, కొన్ని మోడళ్ళకి కారులోంచి కీల లెక్క చూసుకునే మాడ్యూల్ (ఎలక్ట్రానిక్ పెట్టె) ఊడదీసి టేబుల్ మీద పెట్టి చదవాల్సి కూడా వస్తుంది. సిటీలో ఉన్నవాడికి ఈ తేడా కొన్ని వేల రూపాయలు. మనకి ఆ డబ్బుకి తోడు కారు ఎన్నాళ్ళు నిలబడిపోతుందో చెప్పలేం.

లోపల ఏముంటుంది

ఇది కాస్త తెలిసుంటే షాపువాడు చెప్పే ప్రతిదానికీ తలూపక్కర్లేదు. స్మార్ట్ కీలో మూడు వేరువేరు వస్తువులుంటాయి. ఒకటి ఇనప తాళం, పక్కనున్న చిన్న మీట నొక్కితే బయటికొస్తుంది, డోర్ తెరవడానికి. రెండోది రేడియో, బటన్ నొక్కితే కారుకి సిగ్నల్ పంపేది, మన దేశంలో తిరిగే కార్లలో ఎక్కువగా 433.92 మెగాహెర్ట్జ్ మీద పనిచేస్తుంది. మూడోది ఇమ్మొబిలైజర్ చిప్, ఇంజన్ స్టార్ట్ అవ్వాలో వద్దో తేల్చేది, దీనికి కీలో ఉండే సెల్‌తో (చిన్న బ్యాటరీతో) పని లేదు, స్టార్ట్ బటన్ దగ్గరుండే కాయిల్ నుంచే దానిక్కావాల్సిన కరెంటు తీసుకుంటుంది. మనం జేబులో కీ పెట్టుకుని హ్యాండిల్ ముట్టుకోగానే కారు తక్కువ ఫ్రీక్వెన్సీలో, 125 కిలోహెర్ట్జ్ దగ్గర, "ఎవరది" అని పిలుస్తుంది, కీ రేడియోలో జవాబిస్తుంది, జవాబు తన దగ్గర రాసుకున్నదానితో సరిపోతేనే తలుపు తెరుచుకుంటుంది. ప్రోగ్రామింగ్ అంటే ఆ రాసుకునే పని, ఈ కొత్త కీ కూడా మనదే అని కారుకి చెప్పడం. కీ ఎంత కొత్తదైనా కారు దాన్ని రాసుకోకపోతే ఇంజన్ స్టార్ట్ అవదు.

అందుకని "కీ పనిచెయ్యట్లేదు" అనగానే ప్రోగ్రామింగ్‌కి పరిగెత్తొద్దు. ముందు సెల్ మార్చండి. ఎక్కువ కీలకి సీఆర్2032 సరిపోతుంది, కొన్నిటికి 2025, 2450 కూడా ఉంటాయి, పాత సెల్ మీద అంకె చూసి అదే కొనండి, వాచీలు బాగుచేసే షాపులో కూడా దొరుకుతుంది. సెల్ మార్చితే ప్రోగ్రామింగ్ పోతుందని, మళ్ళీ రాయించుకోవాలని ఎవరైనా చెప్తే ఆ షాపులోంచి లేచి వచ్చెయ్యండి, అది ఎక్కడికీ పోదు. ఇంకో మాట, టీవీ రిమోట్‌ని ఫోన్ కెమెరా ముందు పెట్టి లైటు వెలుగుతోందా అని చూస్తారు చూడండి, కారు కీని అలా చూస్తే ఏమీ కనపడదు, ఇది రేడియో, దానికి వెలుగు ఉండదు. అది చూసి కీ చచ్చిపోయిందని తీర్మానం చేసేసినవాళ్ళున్నారు.

సెల్ అయిపోయి దారిలో ఆగిపోతే కారు స్టార్ట్ చెయ్యొచ్చు కూడా. ఇనప తాళంతో డ్రైవర్ డోర్ తెరవండి, చాలా కార్లలో తాళం బెజ్జం హ్యాండిల్ పక్కన చిన్న మూత కింద దాగి ఉంటుంది. డోర్ తెరవగానే సైరన్ మోగితే కంగారు పడొద్దు. లోపల కూర్చుని బ్రేక్ తొక్కి, కీని స్టార్ట్ బటన్‌కి ఆనించి నొక్కండి. హ్యుందాయ్, కియాల్లో చాలావాటికి వేలితో కాకుండా కీ కొసతోనే బటన్ నొక్కాలి. టయోటాలో కీ మీద కంపెనీ గుర్తు ఉన్న వైపు బటన్‌కి తగిలించాలి. కొన్నిటికి స్టీరింగ్ పక్కన గుర్తు ఉంటుంది, కొన్నిటికి కప్ హోల్డర్లో చోటు ఉంటుంది, మీ కారుకి ఎక్కడో ఓనర్ మాన్యువల్లో ఈరోజే చూసిపెట్టుకోండి. సుంకి ఘాట్‌లో రాత్రి పూట ఫోన్ సిగ్నల్ లేకుండా ఆగిపోయాక అది వెతకడం కుదరదు.

చలికాలం పిక్నిక్‌లలో హాతీపథర్ రాళ్ళ మీద నుంచి నాగావళిలో కీ పడేసుకునేవాళ్ళు ఉండనే ఉంటారు. దొరికితే బియ్యం డబ్బాలో పెట్టొద్దు, దానివల్ల ఒరిగేదేం లేదు. వెంటనే విప్పి సెల్ తీసెయ్యండి, సెల్ ఉండగానే బటన్లు నొక్కి చూడడమే అసలు చెడగొట్టేది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ మొబైల్ రిపేర్ షాపులో ఉంటుంది, మెత్తటి బ్రష్‌తో బోర్డు కడిగించి, నీడలో బాగా ఆరాక కొత్త సెల్ వెయ్యండి. బటన్లు పనిచెయ్యకపోయినా చిప్ బతికుంటే పైన చెప్పినట్టు ఆనించి స్టార్ట్ చేసుకోవచ్చు. ఆ బతికున్న చిప్‌తోనే రెండో కీ చేయించుకోండి, ఆలస్యం చెయ్యకండి.

ఎక్కడ చేయించుకోవాలి

కంపెనీ షోరూమ్ ఒక దారి. కొత్త కీకి ఆర్డర్ పెడతారు, కీ వచ్చాక కారు తీసుకెళ్ళాలి, వాళ్ళ స్కానర్‌తో రాస్తారు. ఖర్చు ఎక్కువ, ఆలస్యం ఎక్కువ, కానీ వస్తువు అసలుది. ఫోక్స్‌వాగన్, స్కోడా, మెర్సిడెస్ లాంటివాటికి నా సలహా ఇదొక్కటే, వాటిలో చాలా మోడళ్ళకి కీ మీ ఛాసిస్ నెంబరు కోసమే ముందుగా కోడ్ చేసి వస్తుంది, బయటివాళ్ళ చేతిలో పెట్టి ప్రయోగాలు చేయించడం దండగ. కారు వారంటీలో ఉన్నా షోరూమ్‌కే వెళ్ళండి.

రెండోది బయట కీ మేకర్లు. బజార్లో చెట్టు కింద గొడుగేసుకుని ఆకురాయితో బీరువా తాళాలు చేసే చాబీవాలా వేరు, ఈ పని చేసే మనిషి వేరు. ఇతని దగ్గర ఆటెల్, ఎక్స్‌హోర్స్, ఓబీడీస్టార్ లాంటి కంపెనీల ప్రోగ్రామింగ్ మిషన్ ఉంటుంది, ట్యాబ్లెట్‌లాగా ఉంటుంది. బ్రహ్మపురం, విజయనగరం, విశాఖ లాంటి పెద్ద ఊళ్ళలో వెతకండి. మారుతి, హ్యుందాయ్, కియా, టాటా, మహీంద్రా, టయోటాల్లో మామూలుగా తిరిగే మోడళ్ళకి ఇతను చాలు. అయితే బయలుదేరే ముందే ఫోన్లో మోడల్, తయారైన సంవత్సరం, వేరియంట్ చెప్పి, కీ ముందు వెనక ఫొటోలు వాట్సాప్‌లో పంపి, "ఇదే సంవత్సరం కారుకి చేశారా" అని సూటిగా అడగండి. "తీసుకురండి సార్, చూద్దాం" అన్నవాడి దగ్గరికి ఘాట్ దిగి వెళ్ళొద్దు. చేసినవాడైతే వెంటనే చెప్తాడు, కారు పిన్ (రహస్య నెంబరు) కావాలో అక్కర్లేదో కూడా చెప్తాడు.

ఇతను వాడే కీలు రెండు రకాలు. ఒకటి అసలు కంపెనీది తెప్పించి రాయడం. ఇంకోటి యూనివర్సల్ కీ, కీడీఐవై, ఎక్స్‌హోర్స్ కంపెనీలవి, ఖాళీగా వస్తాయి, మిషన్‌తో ముందు దాన్ని మీ మోడల్ రకంగా మార్చి తర్వాత కారుకి రాస్తారు. చౌక. అత్యవసరానికి దాచుకునే రెండో కీగా ఇది బాగానే సరిపోతుందని నా అభిప్రాయం, రోజూ వాడే కీగా మాత్రం అసలుదే మేలు, ఎందుకంటే వీటిలో కొన్నిటికి దూరం నుంచి బటన్ అందదు, కొన్నిటికి సెల్ త్వరగా అయిపోతుంది, ప్లాస్టిక్ కూడా అంతంతే. బేరం ఆడేటప్పుడు ఒక ప్రశ్న తప్పకుండా అడగాలి: ఇది జేబులో ఉంటే చాలా, లేక బటన్ నొక్కితే మాత్రమే తెరుచుకునే రిమోటా? రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. ఒక్కోసారి రిమోట్ ఇచ్చి స్మార్ట్ కీ డబ్బు తీసుకుంటారు.

ఆన్‌లైన్‌లో తక్కువకి కనపడిన కీ కొనుక్కుని వెళ్ళడం మూడోది, నాకు ఇష్టం లేనిది. విదేశాల మోడల్‌ది 315 మెగాహెర్ట్జ్ కీ వచ్చిందంటే మన కారు దాని మాట వినదు. వేరే కారుకి ఒకసారి రాసిన పాత కీ అయితే చాలా కంపెనీల్లో లాక్ అయిపోయి ఉంటుంది, మళ్ళీ ఖాళీ చెయ్యకుండా ఇంకో కారుకి ఎక్కదు. కొనాలనుకుంటే పాత కీ వెనకున్న పార్ట్ నెంబరు, ఫ్రీక్వెన్సీ రెండూ సరిపోయాకే, అదీ కీ మేకర్‌కి చూపించి ఆయన సరే అన్నాకే కొనండి.

కాగితాల దగ్గర మన ఇబ్బంది

షోరూమ్ అయినా, సరైన కీ మేకర్ అయినా ఆర్సీ, ఆధార్ అడుగుతారు, అడగాలి కూడా. అడగకుండా చేసేవాడు రేపు మీ కారుకి ఇంకెవరికో కూడా చేసిపెడతాడు. డిజీలాకర్‌లోనో ఎంపరివాహన్‌లోనో ఉన్న ఆర్సీ చూపించొచ్చు, కానీ షోరూమ్‌లో జిరాక్స్ మీద సంతకం అడుగుతారు కాబట్టి అవీ పట్టుకెళ్ళండి.

బోర్డర్‌లో అసలు చిక్కు ఎక్కడొస్తుందంటే, కారు ఏపీ నెంబరుతో తిరుగుతూ ఉంటుంది, ఆర్సీలో పేరు ఇంకా పాత యజమానిదే. ఎన్‌వోసీ (కారుని వేరే రాష్ట్రానికి మార్చుకోవడానికి అభ్యంతరం లేదనే కాగితం) కోసం ఫారం 28, పేరు మార్పుకి 29, 30 ఫారాలు, ఆపైన ఒడిశాలో రోడ్ ట్యాక్స్, ఇవన్నీ ఎవడు చేస్తాడని వదిలేస్తారు. కీ పోయిన రోజున షోరూమ్‌వాళ్ళు "ఆర్సీలో పేరున్నాయన్ని తీసుకురండి" అంటారు, వాళ్ళ తప్పేం లేదు. ఆ పాత యజమాని ఫోన్ ఎత్తకపోతే మీరు అక్కడే ఆగిపోతారు. కీ పని పెట్టుకునే ముందు పేరు మార్చుకోండి, లేదా కనీసం ఆయన సంతకంతో ఒప్పందం, ఆయన ఆధార్ కాపీ దగ్గర పెట్టుకోండి.

కీ పోయిందా, పాడైందా అన్నది కూడా తేడానే. పోతే పోలీస్ స్టేషన్‌లో కాగితం ఇవ్వండి, ఒడిశాలో దాన్ని స్టేషన్ డైరీ ఎంట్రీ అంటారు, ఆ నెంబరు, స్టాంపు ఉన్న కాపీ దాచుకోండి. ఇది ఊరికే చెప్పట్లేదు. రేపు కారు దొంగతనమైతే ఇన్సూరెన్స్ కంపెనీ రెండు కీలూ అడుగుతుంది, ఒక్కటే ఇచ్చి రెండోది పోయిందని నోటిమాటగా చెప్తే క్లెయిమ్ దగ్గర గొడవ మొదలవుతుంది. పాలసీలో కీ రీప్లేస్‌మెంట్ యాడ్-ఆన్ ఉందేమో కూడా చూడండి, ఉంటే ఖర్చు అందులో రావచ్చు. అలాంటప్పుడు కీ చేయించేశాక కాదు, చేయించక ముందే వాళ్ళకి తెలియజెయ్యాలి.

పని జరిగేటప్పుడు దగ్గరే ఉండండి

బయలుదేరేటప్పుడు ఇంట్లో ఉన్న ప్రతి కీ పట్టుకెళ్ళండి. ఇది మరిచిపోయేవాళ్ళే ఎక్కువ. చాలా కార్లలో కొత్త కీ చేర్చేటప్పుడు పాత జాబితా మొత్తం చెరిపేసి, ఎదురుగా ఉన్నవాటినే మళ్ళీ రాసుకుంటుంది. పని తెలిసినవాడు ముందే ఇలా అడుగుతాడు:

"ఇంకో కీ ఉందా సార్?"

"ఉంది, మా ఆవిడ దగ్గర, రాయగడలో."

"అయితే అది తెచ్చాకే చేద్దాం. ఇప్పుడు రాసేస్తే ఇంట్లో ఉన్నది పనికిరాకుండా పోద్ది, మళ్ళీ దాని కోసం ఇంకోసారి రావాలి మీరు."

ఇలా అడిగినవాడిని వదులుకోకండి.

తర్వాత కారు బ్యాటరీ. ప్రోగ్రామింగ్ సగంలో ఉండగా 12 వోల్టుల బ్యాటరీ దిగిపోతే కంట్రోల్ మాడ్యూల్ ఎటూ కాకుండా ఉండిపోవచ్చు, అప్పుడు కీ ఖర్చు కంటే పెద్ద ఖర్చు. ఇగ్నిషన్ ఆన్‌లో చాలాసేపు ఉంటుంది కాబట్టి ఏసీ, లైట్లు, మ్యూజిక్ ఆపాలి, మంచి మేకర్ ఛార్జర్ తగిలించి ఉంచుతాడు. మీ బ్యాటరీ పొద్దున్నే ఈడ్చి ఈడ్చి స్టార్ట్ అవుతోందంటే ముందు దాని సంగతి చూడండి.

స్టీరింగ్ కింద ఓబీడీ పోర్ట్, అంటే కారు కంప్యూటర్‌కి మిషన్ కలిపే సాకెట్, ఉంటుంది, మిషన్ వైరు అక్కడ పెడతాడు. ఛాసిస్ నెంబరు చదువుతుంది, మెనూలో కీ చేర్చడం, అన్ని కీలూ పోయాయి అనే రెండు దారులు కనపడతాయి. మీ దగ్గర పనిచేసే కీ ఉంటే మొదటిదే ఎంచుకోవాలి. హ్యుందాయ్, కియాల్లో పిన్ అడుగుతుంది, ఆ పిన్ కారుకి సంబంధించిందే కాబట్టి ఒక కాగితం మీద రాయించుకుని ఆర్సీతో పాటు ఇంట్లో పెట్టుకోండి, కారులో పెట్టొద్దు. ఆపైన కొత్త కీ స్టార్ట్ బటన్‌కి ఆనించమంటుంది, ఒక్కో కీకీ ఒక్కోసారి, తక్కిన కీలు దూరంగా ఉంచాలి, లేకపోతే ఏది ఏదో కారుకి తెలియదు. అన్నీ సవ్యంగా ఉంటే పని కొన్ని నిమిషాలే. పాత టయోటా మోడళ్ళలో అన్ని కీలూ పోయాక రీసెట్‌కి 16 నిమిషాలు కదలకుండా ఆగాలి, స్క్రీన్ ఏమీ చెప్పకుండా కూర్చున్నట్టు ఉంటే వైరు పీకెయ్యమని తొందరపెట్టొద్దు.

ఇనప తాళం కోయించుకోవడం మరిచిపోకండి. కొత్త కీలో అది నున్నగా, కొయ్యకుండా వస్తుంది. ప్రోగ్రామింగ్ అయిపోయిన సంతోషంలో అలాగే తెచ్చుకుంటారు, రేపు కారు బ్యాటరీ దిగిపోయిన రోజున డోర్ తెరవడానికి అదొక్కటే గతి.

డబ్బులిచ్చే ముందు అక్కడే నిలబడి చూడండి. పాత కీ దూరంగా, అంటే రోడ్డు అవతల మనిషి చేతిలో పెట్టి, కొత్తదానితో నాలుగు బటన్లూ, హ్యాండిల్ ముట్టుకుంటే తెరుచుకోవడం, డిక్కీ, స్టార్ట్, సెల్ తీసేసి ఆనించి స్టార్ట్, అన్నీ చెయ్యండి. ఇనప తాళం డోర్లో తిప్పి చూడండి. తర్వాత పాత కీతో కూడా ఇదే మళ్ళీ. మిషన్‌లో ఇప్పుడు ఎన్ని కీలు నమోదై ఉన్నాయో చూపించమని అడగండి, చాలా కార్లకి చూపిస్తుంది. మీ చేతిలో రెండుండి అక్కడ మూడు కనపడితే మూడోది ఎవరిదో తేలాలి. సెకండ్‌హ్యాండ్ కారైతే ఇదే అసలు లాభం, ఆ "ఇంట్లో ఎక్కడో ఉన్న" కీని కారు జాబితాలోంచి తీయించెయ్యొచ్చు. అది రేడియోకి, ఇంజన్‌కి మాత్రమే, ఆ పాత ఇనప తాళం డోర్‌ని మాత్రం ఇంకా తెరుస్తుంది, కాబట్టి లోపల విలువైనవి వదిలెయ్యొద్దు.

రెండో కీని కారుకి దగ్గర గోడకి తగిలించొద్దు. కారు పిలుపు అందేంత దగ్గరలో ఉంటే కొన్నిటిలో రెండూ రాత్రంతా మాట్లాడుకుని సెల్, బ్యాటరీ రెండూ తినేస్తాయి. బీరువాలో పెట్టండి, అప్పుడప్పుడూ తీసి ఒకసారి స్టార్ట్ చేసి చూడండి.

అన్నీ పోతే

ముందు ఇల్లంతా వెతకడం కాదు, పాత యజమానికీ, కారు సర్వీసింగ్‌కి ఇచ్చిన చోటికీ ఫోన్ చెయ్యండి, రెండో కీ అక్కడ దొరికిన సందర్భాలుంటాయి. తర్వాత పోలీసు కాగితం. ఆ తర్వాత మేకర్‌ని రప్పించడం. రాయగడకైతే విజయనగరం నుంచి రైలు ఉంది, మిషన్ సంచిలో పట్టే వస్తువే కాబట్టి మనిషి రైలెక్కి రావడం ఫ్లాట్‌బెడ్ కంటే చాలాసార్లు చౌక. రానుపోను ఛార్జీలు, పని అవ్వకపోతే ఎంత ఇవ్వాలి అన్నది ముందే మాట్లాడుకోండి. కారు నీడలో, బ్యాటరీ నిండుగా ఉండేలా చూసుకోండి. బ్యాటరీ దిగి ఉంటే ఆయన వచ్చాక మీరు ఛార్జర్ కోసం ఊరంతా తిరగాల్సి వస్తుంది.

అలా కుదరక కారునే తీసుకెళ్ళాల్సి వస్తే, కీ లేని కారుకి స్టీరింగ్ లాక్ పడి ఉంటుంది, ఆటోమేటిక్ అయితే పార్క్‌లో ఇరుక్కుని ఉంటుంది, కొత్త కార్లలో హ్యాండ్‌బ్రేక్ కూడా ఎలక్ట్రానికే. బండి పిలిచేటప్పుడే ఫోన్లో ఈ మూడూ చెప్పి చక్రాల కింద పెట్టే ట్రాలీలు తెమ్మనండి, లేకపోతే తాడు కట్టి ఈడ్చేసి గేర్‌బాక్స్ పాడుచేస్తారు.